స్కాట్స్‌బరో కేసు: ఒకే నోటి మాట, తొమ్మిది మెడలు

1931 మార్చి 25. అమెరికాలో చట్టనూగ నుంచి మెంఫిస్ పోయే గూడ్సు బండి ఒకటి, అలబామా రాష్ట్రం ఉత్తరపు అంచు మీదుగా పోతోంది. అది ఆకలి కాలం. 1929లో షేర్ల బజారు కూలిపోయాక మిల్లులు మూతపడి, పొలాల్లో కూలి దొరక్క, లక్షలమంది కుర్రాళ్ళు టిక్కెట్టు లేకుండా గూడ్సు పెట్టెలెక్కి ఊరూరా పని వెతుక్కుంటున్నారు. తెల్లోళ్ళూ ఉన్నారు, నల్లోళ్ళూ ఉన్నారు. ఆకలికి రంగు లేదు గానీ బండి పెట్టెకి ఉంది. ఒక తెల్లకుర్రాడు పెట్టె మీద నడుచుకుంటూ పోతూ, పక్కకి వేలాడుతున్న హేవుడ్ ప్యాటర్సన్ అనే నల్లకుర్రాడి చేతిని తొక్కాడు. మాటామాటా పెరిగింది, రాళ్ళు లేచాయి, కొట్లాటయింది. నల్లకుర్రాళ్ళదే పైచేయి అయ్యి, తెల్లోళ్ళని బండిలోంచి దించేశారు. దిగినోళ్ళు దగ్గర్లో ఉన్న స్టీవెన్‌సన్ స్టేషనుకి పోయి ఫిర్యాదు చేశారు. నల్లోడి చేతిలో దెబ్బలు తిన్న అవమానం అది. మన ఊళ్ళలో దీన్ని ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

పెయింట్ రాక్ అనే చిన్న స్టేషన్‌లో తుపాకులు పట్టుకున్న జనం బండి ఆపారు. పెట్టెపెట్టె వెతికి తొమ్మిదిమంది నల్లపిల్లల్ని పట్టుకుని, తాళ్ళతో కట్టి, లారీ ఎక్కించి జాక్సన్ కౌంటీ ముఖ్యపట్నమైన స్కాట్స్‌బరో జైలుకి తోలారు. అప్పటికి ఉన్నది కొట్లాట కేసే. అదే బండిలో, మగవాళ్ళలా ఓవరాల్ తొడుక్కున్న ఇద్దరు తెల్ల ఆడవాళ్ళు కూడా దొరికారు. విక్టోరియా ప్రైస్, రూబీ బేట్స్. ఇద్దరూ హంట్స్‌విల్‌లో నూలు మిల్లు కూలీలు. కాసేపటికి, ఈ నల్లవాళ్ళు మమ్మల్ని బలాత్కరించారు అన్న మాట బయటికొచ్చింది. దాంతో కొట్లాట కేసు ఉరి కేసయింది.

ఈ తొమ్మిదిమంది ఎవరో చెప్పాలి. చరిత్ర పుస్తకాల్లో ‘స్కాట్స్‌బరో కుర్రాళ్ళు’ అని గుంపు పేరుతోనే మిగిలిపోయారు గనక పేర్లు ఇక్కడ రాస్తున్నాను. హేవుడ్ ప్యాటర్సన్, క్లారెన్స్ నారిస్, చార్లీ వీమ్స్, ఓజీ పవెల్, ఓలెన్ మాంట్‌గొమరీ, విల్లీ రాబర్సన్, యూజిన్ విలియమ్స్, అన్నదమ్ములు ఆండీ రైట్, రాయ్ రైట్. పెద్దోడికి ఇరవై దాటలేదు. యూజిన్‌కి పదమూడు, రాయ్‌కి పన్నెండో పదమూడో. వీళ్ళలో నలుగురు చట్టనూగ వాళ్ళు, ఒకరికొకరు తెలుసు. మిగతా అయిదుగురూ జార్జియా నుంచి ఎవరికి వాళ్ళు బయల్దేరినవాళ్ళు, ఆ నలుగురి మొహం కూడా ఎరగరు. ఓలెన్‌కి ఒక కన్ను దాదాపు పోయింది, రెండోది అంతంతమాత్రం. బండి చివర ఒక ట్యాంకు పెట్టె మీద ఒంటరిగా కూచున్నాడు. విల్లీ రాబర్సన్ జబ్బు ముదిరి కర్ర లేకుండా నడవలేడు. అలాంటివాడు కదిలే గూడ్సు బండిలో పెట్టె నుంచి పెట్టెకి దూకి అత్యాచారం చేశాడని కోర్టు నమ్మింది. నమ్మింది అనడం కూడా తప్పే. నమ్మాల్సిన అవసరమే దానికి పడలేదు.

ఆ సాయంత్రం జైలు చుట్టూ వందల జనం మూగారు. షెరీఫ్ కబురు పెడితే గవర్నర్ బెంజమిన్ మిల్లర్ సైనికదళాన్ని పంపాడు. దీన్ని అలబామా పెద్దమనుషులు తమ న్యాయబుద్ధికి రుజువుగా చాలాకాలం చెప్పుకున్నారు. చెట్టుకి వేలాడదీయకుండా కోర్టుకి తెచ్చాం గదా అని. 1877కీ 1950కీ మధ్య అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో మూకలు చంపిన నల్లవాళ్ళు నాలుగు వేల పైచిలుకు. ఆ హత్యలకి ఎక్కువగా చెప్పే సాకు తెల్ల ఆడదాని మానం. ఈ సాకుని మొట్టమొదట ఊరూరా తిరిగి, కేసు కేసుగా విప్పి చూపించింది ఐడా బి. వెల్స్ అనే నల్లజాతి స్త్రీ, 1892లో. మెంఫిస్‌లో ఆమె స్నేహితులు ముగ్గుర్ని మూక చంపింది. వాళ్ళ నిజమైన నేరం తెల్ల షావుకారు దుకాణానికి పోటీగా కిరాణా కొట్టు పెట్టడం. ఇది రాసినందుకు ఆమె పత్రిక అచ్చాఫీసుని ధ్వంసం చేశారు. ఆమె మళ్ళీ మెంఫిస్‌లో కాపురం పెట్టలేకపోయింది.

స్కాట్స్‌బరోలో జరిగింది కోర్టు వేషంలో అదే పని. అరెస్టయిన పన్నెండో రోజున, ఏప్రిల్ 6న, విచారణ మొదలైంది. ఆ నెల మొదటి సోమవారం ఊళ్ళో సంతరోజు. వేల మంది కోర్టు బయట చేరారు. జడ్జి హాకిన్స్ ఆ ఊళ్ళో ఉన్న వకీళ్ళందర్నీ కలిపి పిల్లల తరఫున నియమించాడు. అందరి పనీ అంటే ఎవరి పనీ కాదు. చివరికి ముందుకొచ్చింది ఇద్దరు. ఒకాయన చట్టనూగ నుంచి వచ్చిన స్టీఫెన్ రాడీ. స్థలాల దస్తావేజులు రాసుకునే వకీలు, అలబామా చట్టం తెలీదని తనే చెప్పాడు. రెండోది మైలో మూడీ అనే స్థానికుడు, ఏళ్ళు మీద పడ్డ మనిషి. పిల్లలతో వాళ్ళు మాట్లాడింది విచారణకి ముందు అరగంట కూడా లేదు. లోపల కొట్టీ తిట్టీ భయపెట్టిన దానికి కొందరు పిల్లలు, నేను కాదు వాళ్ళే చేశారు అని ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు. నారిస్ అలాగే చెప్పాడు. రాయ్‌ని పక్క గదిలోకి తీసుకుపోయి కొట్టి చెప్పించారని ఆ పిల్లాడే తర్వాత బయటపెట్టాడు. నాలుగు రోజుల్లో ఎనిమిదిమందికి మరణశిక్ష పడింది. తొమ్మిదోవాడు రాయ్ మరీ పసివాడని సర్కారు వకీలే యావజ్జీవం చాలన్నాడు. జ్యూరీలో ఎక్కువమంది వాడికీ ఉరే కావాలని పట్టుబట్టడంతో ఆ ఒక్క విచారణా తెగకుండా ఆగిపోయింది.

తెల్ల వైద్యుడు డాక్టర్ బ్రిడ్జెస్ ఆ ఇద్దరు ఆడవాళ్ళని గంటా రెండు గంటల్లోపే పరీక్ష చేశాడు. అంతమంది బలాత్కరిస్తే ఉండాల్సిన గాయాలు లేవని, మనుషులు స్థిమితంగా ఉన్నారని ఆయన సాక్ష్యం. అది మొదటి విచారణలోనే రికార్డులో ఉంది. ఎవరూ పట్టించుకోలేదు.

ఇక్కడ ఒక సంగతి ఆగి మాట్లాడుకోవాలి. అబద్ధపు కేసు అనగానే మన దగ్గర కొందరికి హుషారొస్తుంది. ఆడవాళ్ళ మాట నమ్మొద్దు, అట్రాసిటీ కేసులన్నీ తప్పుడువి అనే వాదానికి స్కాట్స్‌బరోని కూడా వాడుకోగలరు. అందుకని విక్టోరియా ప్రైస్ ఎవరో చూడాలి. వారానికి రెండు మూడు రోజులే పని దొరికే మిల్లు కూలి. నల్లవాళ్ళ ఇళ్ళ పక్కనే కాపురం. హంట్స్‌విల్ మర్యాదస్తులు ఆమెని మనిషిగా లెక్కేసింది లేదు. బండిలో దొరికిన రోజు, దిమ్మరితనం కింద జైల్లో పెడతారని ఆమె భయం. ఆమె ఒక్క మాట అంది. ఆ క్షణం నుంచి ఆమె దక్షిణాది తెల్ల స్త్రీత్వానికి ప్రతిమ అయిపోయింది. మాట మార్చుకోవడానికి ఆమెకిక దారి లేదు. మార్చుకుంటే మళ్ళీ మిల్లు పాకలోకే. కోర్టు నమ్మింది ఆమెని కాదు. ఎదురుగా ఉన్న పిల్లల రంగుని.

రుజువు మన దగ్గరే ఉంది. రాజస్థాన్‌లో కుమ్మరి కులానికి చెందిన సాథిన్ భవరీదేవి మీద 1992లో పై కులాలవాళ్ళు అత్యాచారం చేస్తే, 1995లో జైపూర్ కోర్టు నిందితుల్ని వదిలేసింది. పైకులంవాళ్ళు కిందికులం ఆడదాన్ని ముట్టుకుంటారా అన్నది ఆ తీర్పు వెనకున్న తర్కం. అక్కడ స్త్రీ మాటకి విలువ లేదు, ఇక్కడ స్త్రీ మాటే ఉరితాడు. రెండు చోట్లా కోర్టు తూచింది సాక్ష్యాన్ని కాదు, ఎవరు ఎవరి మీద చెప్తున్నారన్నదాన్ని. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని నరికి చంపడానికి ముందు ఊళ్ళో తిప్పిన మాటలు గుర్తు తెచ్చుకోండి. సినిమా హాల్లో కాలు తగిలింది, మా ఆడపిల్లల్ని ఏడిపించారు. పెయింట్ రాక్‌లో బండి ఆపినవాళ్ళ నోటా ఇదే భాష. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014 ఏప్రిల్‌లో హైకోర్టు సాక్ష్యాలు చాల్లేదని అందర్నీ విడిచిపెట్టింది. స్కాట్స్‌బరో పిల్లలకి చాలినన్ని దొరికాయి మరి.

పిల్లల్ని కాపాడింది మంచి మనసున్న తెల్ల వకీలు అని చాలామంది అనుకుంటారు. 1960లో వచ్చిన హార్పర్ లీ నవలని ఇంగ్లీషు క్లాసుల్లో చదివినవాళ్ళకి మరీను. నిజానికి కేసుని ప్రపంచం ముందు పెట్టింది తల్లులు, వాళ్ళని వీధుల్లోకి తెచ్చిన కమ్యూనిస్టు అనుబంధ సంఘం ఇంటర్నేషనల్ లేబర్ డిఫెన్స్. నల్లజాతి హక్కుల పెద్ద సంస్థ ఎన్.ఎ.ఎ.సి.పి. మొదట్లో అత్యాచారం కేసని వెనకాడింది. తర్వాత కేసు ఎవరి చేతిలో ఉండాలని రెండు సంస్థలూ బహిరంగంగా తగువులాడుకున్నాయి. జైల్లో పిల్లలు ఒకరోజు ఒక కాగితం మీద, మర్నాడు ఇంకో కాగితం మీద సంతకాలు పెట్టారు. ఈ తగువులో ఎవరిది ఎంత తప్పన్నది ఇప్పటికీ చరిత్రకారులు తేల్చుకుంటూనే ఉన్నారు. పార్టీ దళితుల్ని వాడుకుందా, దళితులు పార్టీని వాడుకున్నారా అని మనం వాదించుకునే వాదనే అది. నా అభిప్రాయం అడిగితే, ఆ పిల్లలు బతికున్నది ఆ వీధి గోల వల్ల. అయితే ఆ గోల చేసినవాళ్ళు పిల్లల్ని అన్నివేళలా మనుషులుగా చూశారని మాత్రం చెప్పలేను. అండీ, రాయ్‌ల తల్లి ఏడా రైట్, ఇళ్ళల్లో పనిచేసుకునే మనిషి, 1932లో యూరప్ దేశాలు తిరిగి సభల్లో మాట్లాడింది. నవలల్లో ఆమె లేదు.

1932 నవంబరు 7న అమెరికా సుప్రీంకోర్టు పవెల్ వర్సెస్ అలబామా తీర్పిచ్చింది. ఉరిశిక్ష పడగల కేసులో, తనంతట తాను వాదించుకోలేని పేదవాడికి నిజమైన వకీలు సాయం ఇవ్వకపోతే అది న్యాయవిచారణ కాదని ఏడుగురు జడ్జీలు అన్నారు, ఇద్దరు కాదన్నారు. శిక్షలు కొట్టేశారు. పిల్లలు నిర్దోషులని మాత్రం అనలేదు, మళ్ళీ విచారించమన్నారు.

ఈ తీర్పు మన తెలంగాణ గడ్డ దాకా వచ్చింది. 1949లో ప్రత్యేక ట్రిబ్యునళ్ళు సాయుధ పోరాటంలో ఉన్న పన్నెండుమందికి ఉరి వేశాయి. వాళ్ళ తరఫున ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చి వాదించాడు. జనార్దన్ రెడ్డి వర్సెస్ హైదరాబాద్ స్టేట్ పేరుతో 1951లో రిపోర్టయిన ఆ కేసులో, వకీలు లేకుండానే ఉరి వేశారన్న వాదానికి తోడుగా ఎత్తిచూపింది స్కాట్స్‌బరో తీర్పునే. మన సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. వకీలు లేనంత మాత్రాన విచారణ చెల్లదనడానికి మన చట్టంలో వీల్లేదంది. తర్వాత ఆ ఉరిశిక్షలు యావజ్జీవంగా మారాయి, అది వేరే ఒత్తిడి వల్ల. పేదవాడికి ప్రభుత్వ ఖర్చుతో వకీలునివ్వాలన్న మాట రాజ్యాంగంలోకి 39ఎ గా 1976లో, కోర్టు తీర్పుల్లోకి 1978, 79ల్లో గానీ రాలేదు.

రెండో విచారణ 1933 వసంతంలో డెకేటర్‌లో, జడ్జి జేమ్స్ హార్టన్ ముందు. ఈసారి పిల్లల వకీలు న్యూయార్కు నుంచి వచ్చిన శామ్యూల్ లీబోవిట్జ్. రూబీ బేట్స్ కోర్టులో నిలబడి, ఏమీ జరగలేదు, విక్టోరియా చెప్పమన్నట్టు చెప్పాను అంది. అంతకు ఏడాది ముందే ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరంలోనూ అదే రాసింది. ఈ తెల్ల స్త్రీ మాట మాత్రం చెల్లలేదు. న్యూయార్కు డబ్బుకి అమ్ముడుపోయిందన్నారు. సర్కారు వకీలు ఒకాయన జ్యూరీ ముందు లీబోవిట్జ్ యూదుడన్న సంగతి ఎత్తి రెచ్చగొట్టాడు. ప్యాటర్సన్‌కి మళ్ళీ ఉరి.

హార్టన్ సంగతి కొంచెం రాయాలి. ఆయన విప్లవకారుడు కాడు, దక్షిణాది పెద్దింటి మనిషి. జూన్ 22న ఆయన సాక్ష్యాన్ని ముక్కముక్కగా చదివి, డాక్టరు చెప్పినదానికీ విక్టోరియా చెప్పినదానికీ పొసగదని తేల్చి, జ్యూరీ తీర్పుని తానే కొట్టేశాడు. మరుసటి ఏడాది ఎన్నికల్లో జడ్జి పదవి పోగొట్టుకున్నాడు. కేసు మాత్రం పోలేదు. దాన్ని కాలహన్ అనే ఇంకో జడ్జికి అప్పజెప్పారు. ఆయన జ్యూరీకి శిక్షల గురించి అన్నీ చెప్పి, నిర్దోషి అనుకుంటే ఏం రాయాలో చెప్పడం మర్చిపోయాడు. లీబోవిట్జ్ గుర్తుచేయాల్సి వచ్చింది. మరపు కూడా ఎటువైపు మరవాలో తెలిసే మరుస్తుంది. ప్యాటర్సన్‌కి మూడోసారి, నారిస్‌కి రెండోసారి ఉరి.

1935 ఏప్రిల్ 1న రెండో పెద్ద తీర్పు, నారిస్ వర్సెస్ అలబామా. జాక్సన్ కౌంటీలో ఎవరికీ గుర్తున్నంతకాలంలో ఒక్క నల్లవాడు జ్యూరీలో కూచోలేదు. లీబోవిట్జ్ అడిగితే అధికారులు, జాబితాలో నల్లవాళ్ళ పేర్లున్నాయి అంటూ పుస్తకం తెచ్చి చూపించారు. ఆ పేర్లు కేసు నడుస్తుండగా తర్వాత ఇరికించినవని ఆయన చూపించాడు. సుప్రీంకోర్టు జడ్జీలు భూతద్దం పెట్టి ఆ పేజీ చూశారు. రిజిస్టర్లలో రాత్రికి రాత్రి పేర్లు పుట్టడం, చావడం మన పల్లెల పట్వారీ లెక్కలెరిగినవాళ్ళకి కొత్త కాదు గానీ, దేశపు అత్యున్నత న్యాయస్థానం కళ్ళారా చూడ్డం మాత్రం అరుదు. ఆ తర్వాత వేసిన గ్రాండ్ జ్యూరీలో క్రీడ్ కాన్యర్ అనే ఒక్క నల్లవ్యక్తిని కూచోబెట్టారు. నేరారోపణ మోపడానికి మూడింట రెండు వంతుల ఓట్లు చాలు. ఆ ఒక్కడి చెయ్యి లేచినా లేవకపోయినా ఒకటే.

1936 జనవరిలో ప్యాటర్సన్‌కి నాలుగోసారి విచారణ, 75 ఏళ్ళ జైలు. ఉరి తప్పిందని దాన్ని విజయంగా చెప్పుకున్నారు. మర్నాడు జైలుకి తిరిగి తీసుకుపోతున్న కారులో గొడవయ్యి ఓజీ పవెల్ ఒక డిప్యూటీని కత్తితో కోశాడు. షెరీఫ్ అతని తలలో కాల్చాడు. బతికాడు గానీ మునుపటి మనిషి కాలేదు.

1937 జులైలో జరిగింది చూస్తే ఈ కేసు అసలు రూపం తెలుస్తుంది. నారిస్‌కి ఉరి, అండీ రైట్‌కి 99 ఏళ్ళు, వీమ్స్‌కి 75 ఏళ్ళు వేశారు. పవెల్ మీద అత్యాచారం కేసు తీసేసి డిప్యూటీని కోసినందుకు 20 ఏళ్ళు వేశారు. ఓలెన్, విల్లీ, యూజిన్, రాయ్‌ల మీద కేసే ఎత్తేసి ఇంటికి పంపారు. తొమ్మిదిమంది మీదా ఉన్నది ఒకే స్త్రీ సాక్ష్యం, ఒకే బండి, ఒకే మధ్యాహ్నం. ఆ సాక్ష్యం నలుగురి విషయంలో అబద్ధం, నలుగురి విషయంలో నిజం ఎలా అయింది? అలబామా ప్రభుత్వానికీ పిల్లల తరఫు సంఘాలకీ మధ్య తెరచాటున నడిచిన బేరం అది. సగం వదిలేస్తాం, సగం ఉంచుకుంటాం, మా పరువూ నిలబడాలి. వదిలేసిన నలుగురూ అప్పటికి ఆరేళ్ళు పైనే జైల్లో గడిపారు.

నారిస్ ఉరిని 1938లో గవర్నర్ యావజ్జీవంగా మార్చాడు. అందర్నీ వదిలేస్తానని మాటిచ్చి వెనక్కి తగ్గాడు. వీమ్స్ 1943లో, నారిస్, పవెల్ 1946లో పెరోలు మీద బయటపడ్డారు. ప్యాటర్సన్ 1948లో జైలు నుంచి పారిపోయి మిషిగన్ చేరాడు. అతన్ని అలబామాకి అప్పజెప్పనని అక్కడి గవర్నర్ అన్నాడు. ఆ తర్వాత ఇంకో కేసులో జైలుకి పోయి 1952లో క్యాన్సరుతో చనిపోయాడు. అండీ రైట్ 1950 జూన్‌లో బయటికొచ్చాడు. రైలెక్కి 19 ఏళ్ళు. అందరికన్నా చిన్నవాడు, ముందుగా విడుదలైనవాడు రాయ్ 1959లో భార్యని చంపి తానూ చచ్చిపోయాడు. జైలు లోపల ఏం జరిగిందో తీర్పుల్లో దొరకదు, ఇలాంటి వాక్యాల్లో దొరుకుతుంది.

అమెరికాలో 1930 నుంచి అత్యాచారం నేరానికి ఉరి తీసినవాళ్ళు 455 మంది. అందులో 405 మంది నల్లవాళ్ళు. 455లో 405. వాళ్ళలో చాలామంది కోసం ఏ తల్లీ యూరప్ పోలేదు, ఏ లీబోవిట్జూ రాలేదు.

మన దగ్గర ఈ లెక్క తీసినవాళ్ళు తక్కువ. కానీ ఒక కేసు చెప్తాను. మహారాష్ట్రలో 2003లో ఒక కుటుంబం మీద జరిగిన దోపిడీ, హత్యలు, అత్యాచారం కేసులో సంచారజాతికి చెందిన ఆరుగురిని పట్టుకున్నారు. 2009లో సుప్రీంకోర్టు ఆరుగురికీ ఉరి ఖాయం చేసింది. హైకోర్టు యావజ్జీవంతో సరిపెట్టిన ముగ్గురిక్కూడా పెంచి మరీ వేసింది. 2019 మార్చి 5న అదే సుప్రీంకోర్టు ఆరుగురూ నిర్దోషులంది. బతికి బయటపడ్డ సాక్షి పోలీసు ఫోటోల ఆల్బంలో వేరే నలుగుర్ని గుర్తుపట్టిందని, ఆ సంగతిని పోలీసులు పక్కన పెట్టారని రికార్డులోనే ఉంది. అంటే 2009లోనూ ఉంది. పదహారేళ్ళు పోయాయి. వీళ్ళలో ఒకడు నేరం జరిగిననాటికి మైనరు. మనిషికి అయిదు లక్షలు ఇమ్మన్నారు. 1871లో ఇంగ్లీషువాళ్ళు చేసిన నేరస్త జాతుల చట్టం 1952లో రద్దయింది. ఏదైనా నేరం జరగ్గానే పోలీసు జీపు ముందు సంచారజాతుల గుడిసెల దగ్గరే ఆగే అలవాటుని రద్దు చేసే చట్టం ఏదీ రాలేదు. స్టువర్టుపురం పేరు చెప్పి తెలుగు సినిమా ఎంత సొమ్ము చేసుకుందో వేరే చెప్పాలా?

స్కాట్స్‌బరోలో అందరికన్నా ఎక్కువకాలం బతికింది క్లారెన్స్ నారిస్. పెరోలు నిబంధన తప్పి ఉత్తరాదికి పారిపోయి, వేరే పేరుతో న్యూయార్కులో బతికాడు. 1976 అక్టోబరులో అలబామా అతనికి ‘క్షమాభిక్ష’ ఇచ్చింది. సంతకం పెట్టిన గవర్నర్ జార్జి వాలెస్, తెల్లోళ్ళూ నల్లోళ్ళూ ఎన్నటికీ కలవకూడదని 1963లో ప్రమాణం చేసినవాడే. క్షమ అంటే తప్పు చేసినవాడికి, భిక్ష అంటే అడుక్కున్నవాడికి. చెయ్యని నేరానికి నారిస్ ఈ రెండూ పుచ్చుకోవాల్సి వచ్చింది, చట్టంలో అంతకన్నా వేరే మాట లేదు గనక. అతను 1989లో చనిపోయాడు.

మిగిలిన ముగ్గురి మీద, ప్యాటర్సన్, వీమ్స్, అండీ రైట్, శిక్ష అలాగే ఉండిపోయింది. చనిపోయినవాళ్ళకి క్షమాభిక్ష ఇవ్వడానికి అలబామా చట్టంలో దారి లేదు. దానికోసం 2013లో కొత్త చట్టం చేశారు. అదే ఏడాది నవంబరు 21న బోర్డు కూచుని ముగ్గురి పేర్లూ చదివి ఆమోదించింది. బండి పెయింట్ రాక్‌లో ఆగి అప్పటికి 82 ఏళ్ళు. తొమ్మిదిమందిలో ఒక్కరూ బతికిలేరు.